వారానికి రెండు రోజుల ఉద్యోగం, ఐదు రోజుల టికెట్: బ్రిటన్‌లో పార్ట్‌టైమ్ తల్లిదండ్రుల రైలు ఖర్చు

రీడింగ్, స్లౌ, మిల్టన్ కీన్స్ లాంటి ఊళ్లలో ఉంటూ లండన్‌లో పనిచేసే తెలుగు ఇళ్లలో ఒక లెక్క తరచూ వినిపిస్తుంది. పాపకు ఏడాది నిండింది. తల్లి మళ్లీ ఉద్యోగంలో చేరాలనుకుంటోంది. వారానికి రెండు రోజులు ఆఫీసుకు వస్తే చాలంటున్నారు. జీతం పర్వాలేదు. అందులోంచి నర్సరీ ఫీజు తీసేస్తే ఎంతో కొంత మిగులుతుంది. ఆపైన రైలు టికెట్ కూడా తీసేస్తే? అక్కడికొచ్చేసరికి భార్యాభర్తలిద్దరూ ఫోన్లో కాలిక్యులేటర్ తెరుస్తారు.

2025 నవంబరులో బ్రిటన్ ప్రభుత్వం ఒక ప్రకటన చేసింది. ఇంగ్లండ్‌లో ప్రభుత్వ నియంత్రణలో ఉన్న రైలు ఛార్జీలను 2027 మార్చి దాకా పెంచబోమని చెప్పింది. ముప్పై ఏళ్లలో ఛార్జీలు ఇలా ఆగడం ఇదే మొదటిసారి. సీజన్ టికెట్లకూ ఇది వర్తిస్తుంది. ఆ వార్త వచ్చాక "అయితే మా ఖర్చు తగ్గినట్టేనా?" అని చాలామంది అడిగారు. పెరగకపోవడం వేరు, తగ్గడం వేరు. 2023 మార్చిలో 5.9 శాతం, 2024 మార్చిలో 4.9 శాతం, 2025 మార్చిలో 4.6 శాతం చొప్పున పెరిగిన ఛార్జీలు అక్కడే ఆగాయి. మూడింటినీ కలిపితే సుమారు 16 శాతం. ఆ భారం అలాగే ఉంది.

పార్ట్‌టైమ్ చేసే తల్లికో తండ్రికో ఉన్న చిక్కు మాత్రం ఈ పెంపుల కన్నా పాతది. ధర ఎంత అన్నది ఒక ప్రశ్న. ఆ ధరను ఏ కొలతతో కొలుస్తున్నారు అన్నది ఇంకో ప్రశ్న. ఈ రెండో ప్రశ్న గురించే ఎక్కువగా మాట్లాడుకోవాలి.

టికెట్ల పేర్లు, వాటి వెనకున్న లెక్క

ముందు మాటలు తెలియాలి. స్టేషన్‌లో మిషన్ ముందు నిలబడితే కనిపించే పేర్లలో మనకు కావలసినవి నాలుగైదే.

ఎనీటైమ్ డే రిటర్న్ అంటే ఆ రోజు ఏ రైలుకైనా వెళ్లి రావచ్చు. పొద్దున రద్దీలో వెళ్లాలంటే ఇదే కొనాలి, అందుకే ధర ఎక్కువ. ఆఫ్-పీక్ డే రిటర్న్ అంటే రద్దీ తగ్గాక వెళ్లే టికెట్. లండన్ చుట్టుపక్కల మామూలు రోజుల్లో ఇది ఉదయం తొమ్మిదిన్నర ప్రాంతంలో మొదలవుతుంది. కచ్చితమైన సమయం ఒక్కో మార్గానికి ఒక్కో రకంగా ఉంటుంది. కొన్ని మార్గాల్లో సాయంత్రం లండన్ నుంచి బయల్దేరే రైళ్లకూ ఆంక్ష ఉంటుంది.

సీజన్ టికెట్ మనకు కొత్త మాట కాదు, ఊళ్లో మనం పాస్ అనేదే. రెండు స్టేషన్ల మధ్య వారం, నెల, ఏడాది ఎన్నిసార్లైనా తిరగవచ్చు. ధర కట్టే పద్ధతి స్థిరంగా ఉంటుంది. వారం టికెట్ ధరను 3.84తో గుణిస్తే నెల టికెట్, 40తో గుణిస్తే ఏడాది టికెట్. అంటే ఏడాది టికెట్ కొన్నవాళ్లు 40 వారాల డబ్బుకు 52 వారాలు తిరుగుతారు. తగ్గింపంతా ఆ 12 వారాల్లో ఉంది.

ఫ్లెక్సీ సీజన్ 2021 జూన్‌లో వచ్చింది. 28 రోజుల గడువులో ఏవైనా ఎనిమిది రోజులు ప్రయాణించే హక్కు ఇస్తుంది. ఆ ఎనిమిది రోజుల్లో ఏ వేళకైనా వెళ్లవచ్చు. స్మార్ట్‌కార్డులోనో ఫోన్లోనో ఉంటుంది, వెళ్లే రోజున ఒక పాస్ వాడతారు. గడువు దాటాక మిగిలిన పాస్‌లు చెల్లవు. ఈ చివరి వాక్యాన్ని గుర్తుపెట్టుకోండి, తర్వాత అవసరమవుతుంది.

ఇక రైల్‌కార్డులు. ఏడాదికి 35 పౌండ్లు కట్టి కొనుక్కుంటే టికెట్లలో మూడో వంతు తగ్గుతుంది. కాకపోతే పెద్దవాళ్లు పొద్దున ఆఫీసుకు వెళ్లే వేళలో చాలా కార్డులు పనికిరావు. పని వయసులో ఉన్న పెద్దలు ఒంటరిగా వెళ్లినా చెల్లే నెట్‌వర్క్ రైల్‌కార్డు లండన్, ఆగ్నేయ ఇంగ్లండ్ ప్రాంతానిది. మామూలు రోజుల్లో అది ఉదయం పది గంటల తర్వాతే పనిచేస్తుంది. తగ్గించాక కూడా కనీసం 13 పౌండ్లు కట్టాలి. ఫ్యామిలీ అండ్ ఫ్రెండ్స్ కార్డు పేరు చూసి పిల్లలున్న వాళ్లకు ఉపయోగమనిపిస్తుంది. పిల్లవాడు పక్కన ఉంటేనే అది చెల్లుతుంది. పిల్లవాణ్ణి నర్సరీలో దింపి ఆఫీసుకు వెళ్లే తల్లికి దానితో పనిలేదు.

పూర్తికాలం ఉద్యోగికి 17 పౌండ్లు, పార్ట్‌టైమ్ తల్లికి 24

లెక్క సులువుగా ఉండటానికి ఒక ఊహా ఊరు తీసుకుందాం. ఈ ధరలు ఏ ఒక్క స్టేషన్‌వీ కావు, కానీ గుణకాలు నిజమైనవే. వారం సీజన్ 100 పౌండ్లు అనుకుందాం. అప్పుడు నెలకు 384, ఏడాదికి 4,000. ఎనీటైమ్ డే రిటర్న్ 26 పౌండ్లు. ఆఫ్-పీక్ 17. ఎనిమిది పాస్‌ల ఫ్లెక్సీ 184, అంటే రోజుకు 23.

సెలవులు పోగా ఏడాదికి 46 వారాల పని అనుకుంటే, వారానికి ఐదు రోజులు వెళ్లే మనిషికి 230 రోజులు. 4,000 పౌండ్లను 230తో భాగిస్తే రోజుకు 17 పౌండ్ల 39 పెన్నీలు. శని ఆదివారాల్లో అదే టికెట్ మీద ఊరికే తిరగవచ్చు. పైగా ఆగ్నేయ ప్రాంతంలో ఏడాది టికెట్ గోల్డ్ కార్డుగా కూడా పనిచేసి, రద్దీ లేని వేళల్లో మిగతా ప్రయాణాలకు మూడో వంతు తగ్గిస్తుంది. అంత డబ్బు ఒకేసారి చేతిలో లేకపోతే చాలా ఆఫీసులు వడ్డీ లేని అప్పు ఇచ్చి నెలనెలా జీతంలో కోసుకుంటాయి.

వారానికి రెండు రోజులు వెళ్లే తల్లికి 92 రోజులు. ఆమె ఏడాది టికెట్ కొంటే రోజుకు 43 పౌండ్లు దాటుతుంది, కాబట్టి ఆ మాటే అనవసరం. రోజూ 26 పెట్టి కొంటే 2,392. ఫ్లెక్సీ అయితే ఎనిమిదేసి చొప్పున 12 కట్టలు, మొత్తం 2,208. నాలుగు పాస్‌లు మిగిలిపోతాయి కాబట్టి వెళ్లిన రోజుకు 24 పౌండ్లు.

అంటే అదే రైలు, అదే సీటు, అదే రద్దీ. పక్క సీటులో కూర్చున్న పూర్తికాలం ఉద్యోగి 17 కడితే ఆమె 24 కడుతోంది. ఆమెకూ రోజుకు 17.39 చొప్పునే వేస్తే ఏడాదికి 1,600 అయ్యేది. తేడా 608 పౌండ్లు.

మూడు రోజులు వెళితే 138 రోజులకు 18 కట్టలు, 3,312 పౌండ్లు. నాలుగు రోజులు వెళితే 184 రోజులకు 23 కట్టలు, 4,232. అక్కడ ఏడాది టికెటే చవక. మూడుకీ నాలుగుకీ మధ్యలో ఎక్కడో గీత ఉంది. ఆ గీతకు ఈవల ఉన్నవాళ్లందరూ రోజు లెక్కన ఎక్కువ కడుతున్నారు.

2021కి ముందు ఈ ఈవలి వాళ్లకు అసలు దారే లేదు. కొన్ని మార్గాల్లో పది టికెట్లను ఒక కట్టగా అమ్మేవారు, అంతే. పార్ట్‌టైమ్ సీజన్ టికెట్ కావాలని ఏళ్ల తరబడి అడిగిన వాళ్లలో పిల్లల తల్లులు చాలామంది ఉన్నారు. కోవిడ్ తర్వాత పూర్తికాలం ఉద్యోగులు కూడా వారానికి రెండు మూడు రోజులే ఆఫీసుకు రావడం మొదలయ్యాక ఫ్లెక్సీ వచ్చింది. కోవిడ్‌కు ముందు బ్రిటన్ రైలు ప్రయాణాల్లో మూడో వంతు సీజన్ టికెట్ల మీద జరిగేవి. ఆ తర్వాత అది ఆరో వంతు కంటే కిందికి పడిపోయింది. తల్లులు అడిగినప్పుడు రాని టికెట్, అందరి అలవాటూ మారాక వచ్చింది. ఆ వరస నాకు బాధ కలిగిస్తుంది, అయినా వచ్చినందుకు సంతోషమే.

ఒక్క పాస్ మురిగిపోతే

ఫ్లెక్సీని తయారుచేసిన వాళ్ల మనసులో ఉన్న ప్రయాణికుడు తన వారాన్ని తానే తీర్చిదిద్దుకోగలడు. ఈ వారం ఒక రోజు తగ్గితే వచ్చే వారం ఒక రోజు ఎక్కువ వెళతాడు. చిన్నపిల్లలున్న వాళ్ల వారం అలా ఉండదు.

నర్సరీలో వాంతులో విరేచనాలో అయితే, అవి ఆగిన 48 గంటల దాకా పిల్లను తీసుకురావద్దంటారు. చికెన్‌పాక్స్ వస్తే పొక్కులన్నీ చెక్కు కట్టేదాకా ఇంట్లోనే. మొదటి ఏడాది నర్సరీకి వెళ్లే పిల్లలకు జలుబు, జ్వరం విడవకుండా వస్తూనే ఉంటాయని పెంచినవాళ్లకు తెలుసు. అమ్మమ్మ, నానమ్మ వీసా మీద వచ్చి ఉన్న ఆరు నెలలు గడిచాయంటే ఆ రోజు ఇంట్లో ఉండాల్సింది తల్లో తండ్రో. పోయిన రోజును తర్వాతి వారంలో కలుపుకుందామంటే, ఆ అదనపు రోజున నర్సరీలో చోటు ఉండదు. సోమ, మంగళ అని ముందే రాయించుకున్న చోటు అది.

28 రోజుల్లో సరిగ్గా ఎనిమిది రోజులు వెళ్లాల్సిన తల్లి, ఒక వారం పిల్ల జబ్బుతో ఆగిపోయి ఆరు రోజులే వెళ్లిందనుకోండి. 184ను 6తో భాగిస్తే రోజుకు 30 పౌండ్ల 67 పెన్నీలు. అంటే ఏ పాసూ లేకుండా రోజుకో టికెట్ కొనుక్కున్నా ఇంతకన్నా తక్కువే అయ్యేది.

ఇక్కడ ఒక చిన్న సూత్రం ఉంది, ఏ ఊరి ధరకైనా సరిపోతుంది. ఫ్లెక్సీ మీద వచ్చే తగ్గింపు ఎనిమిదో వంతు కంటే, అంటే 12.5 శాతం కంటే తక్కువైతే, ఒక్క పాస్ మురిగినా నష్టమే. మన ఉదాహరణలో 26 బదులు 23, అంటే సుమారు 11.5 శాతం. ఏడు రోజులు వెళితే రోజుకు 26 పౌండ్ల 29 పెన్నీలు పడుతుంది, అప్పటికే రోజు టికెట్‌ను దాటేసింది. తగ్గింపు 20 శాతం ఉన్న మార్గంలో అయితే ఒక పాస్ పోయినా తట్టుకోవచ్చు, రెండు పోతే కాదు. తగ్గింపు ఎంతన్నది మార్గాన్ని బట్టి మారుతుంది కాబట్టి, పక్క ఊళ్లో ఉన్న స్నేహితురాలికి లాభమైంది మనకు కాకపోవచ్చు.

గడువు 28 రోజులకు బదులు 40 రోజులుంటే ఈ ఇబ్బంది చాలావరకు పోతుంది. రైలుకు కొత్త ఖర్చేమీ ఉండదు, మురిగిపోయే పాస్‌ల మీద వచ్చే డబ్బు తప్ప. దీనికి ఎదురు వాదన కూడా ఉంది. గడువు పెంచితే నెలకు నాలుగైదు రోజులు వెళ్లేవాళ్లు కూడా ఇదే కొంటారు, అప్పుడు తగ్గింపు మొత్తమే తగ్గించాల్సి వస్తుందంటారు. ఆ మాటలో కొంత నిజం ఉంది.

రైలుకు రోజు, జీతానికి గంట, నర్సరీకి పూట

ఈ వ్యవహారమంతా గందరగోళంగా అనిపించడానికి అసలు కారణం మూడు వేర్వేరు కొలతలు ఒకే మనిషి మీద పడటం.

జీతం గంటల లెక్క. 2026 ఏప్రిల్ నుంచి 21 ఏళ్లు దాటిన వాళ్లకు కనీస వేతనం గంటకు 12 పౌండ్ల 71 పెన్నీలు. నర్సరీ పూటల లెక్క. పొద్దున పూట, మధ్యాహ్నం పూట, లేదా పూర్తి రోజు. మధ్యాహ్నం మూడింటికే వచ్చి పిల్లను తీసుకెళ్లినా పూర్తి రోజు రాయించుకుంటే పూర్తి రోజు డబ్బే. రైలు రోజుల లెక్క. నాలుగు గంటలు పనిచేయడానికి వెళ్లినా, తొమ్మిది గంటలు పనిచేయడానికి వెళ్లినా టికెట్ ఒకటే.

కనీస వేతనం మీద ఎనిమిది గంటలు పనిచేస్తే రోజుకు 101 పౌండ్ల 68 పెన్నీలు వస్తాయి. 26 పౌండ్ల టికెట్ అందులో నాలుగో వంతు. అదే మనిషి బడి వేళలకు సరిపోయేలా ఐదు గంటలే పనిచేస్తే 63 పౌండ్ల 55 పెన్నీలు. టికెట్ అందులో 41 శాతం. గంట వేతనం మారలేదు, రైలు ధర మారలేదు. రోజు పొట్టిదైంది, అంతే.

అందుకే కొందరు పని గంటలను తక్కువ రోజుల్లోకి కుదించుకుంటారు. వారానికి ఇరవై గంటలను ఐదేసి గంటల చొప్పున నాలుగు రోజులు చేసే బదులు పదేసి గంటల చొప్పున రెండు రోజులు చేస్తే రైలు ఖర్చు సగమవుతుంది. నర్సరీ వయసు పిల్లలున్న ఇంట్లో ఇది కుదరవచ్చు. కానీ ఉదయం ఎనిమిదికి తెరిచి సాయంత్రం ఆరుకి మూసే నర్సరీకి, పది గంటల పనికి, రానూపోనూ ప్రయాణానికి మధ్య తల్లి ఒక్కతే సర్దుకోలేదు. దింపడం ఒకరు, తీసుకురావడం ఇంకొకరు చేయాలి. పిల్లలు బడికి వెళ్లే వయసొచ్చాక ఇంకా కష్టం. బడి ఉదయం తొమ్మిదికి కాస్త ముందు మొదలై మధ్యాహ్నం మూడుంపావు ప్రాంతంలో వదులుతుంది. ఒంటరిగా పిల్లల్ని పెంచుతున్న తల్లికి పొట్టి రోజు తప్ప వేరే మార్గం ఉండదు. రైలు లెక్కలో అందరికంటే ఎక్కువ నష్టపోయేది ఆమే.

ఆలస్యం విషయంలోనూ ఇంతే. రైలు ఆలస్యమైతే డిలే రిపే కింద టికెట్ ధరలో కొంత వెనక్కి వస్తుంది. నర్సరీ మూసే వేళ దాటిందని వేసిన అదనపు ఫీజు అందులోకి రాదు. మా పాప చిన్నగా ఉన్నప్పుడు సిగ్నల్ చెడి రైలు ఆగిపోయిన సాయంత్రం, ప్లాట్‌ఫాం మీద నిలబడి నర్సరీకి ఫోన్ చేస్తూ పడిన టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది. టికెట్ మీద కొంచెం వెనక్కి వచ్చింది, ఆ సాయంత్రం నర్సరీకి కట్టింది అంతకు ఎక్కువ.

పది గంటలకు ఒక నిమిషం ముందు, ఒక నిమిషం తర్వాత

పార్ట్‌టైమ్ ఉద్యోగికి ఏ టికెట్ కొంటున్నామన్న దానికన్నా ఏ వేళకు బయల్దేరుతున్నామన్నదే పెద్ద విషయం. మన ఉదాహరణ ఊరి నుంచి తొమ్మిదింటికి రైలెక్కితే 26. తొమ్మిదిన్నర దాటాక 17. పది దాటాక, నెట్‌వర్క్ రైల్‌కార్డు ఉంటే, 17లో మూడో వంతు పోగా 11.33 కావాలి, కానీ కనీస ఛార్జీ వల్ల 13. అంటే గంట తేడాలో ధర సగమైంది. ఏడాదికి 92 రోజులకు కార్డు ఖర్చుతో కలిపి 1,231 పౌండ్లు. ఫ్లెక్సీతో పోలిస్తే 977 పౌండ్లు తక్కువ. పూర్తికాలం ఉద్యోగి రోజు ధర కన్నా కూడా ఇదే తక్కువ.

ఇది చూసి "మరి పది గంటలకే వెళ్లొచ్చు కదా" అంటారు. ఆఫీసు ఒప్పుకుంటే, పిల్లను సాయంత్రం తెచ్చుకునే మనిషి ఇంకొకరుంటే, తప్పకుండా వెళ్లొచ్చు. లేకపోతే పది గంటల రైలు పదకొండుకు దింపుతుంది. మూడుంపావుకు బడి గేటు దగ్గర ఉండాలంటే రెండింటికి లేవాలి. మిగిలింది మూడు గంటల పని. పిల్లల బాధ్యత పంచుకునే వాళ్లున్న ఇంటికే చవక టికెట్ బాగా అందుతుంది. జాబితాలో తక్కువ ధర ఉండటానికీ, అది మన చేతికి అందడానికీ ఉన్న దూరం ఇదే.

ఇంకొక విషయం ఇక్కడే చెప్పుకోవాలి. ఐదేళ్లలోపు పిల్లలకు రైల్లో టికెట్ లేదు, పెద్దవారొకరు ఇద్దరిని ఉచితంగా తీసుకెళ్లవచ్చు. కాబట్టి కొందరు ఆఫీసు దగ్గరి నర్సరీని ఎంచుకుంటారు. ఆలస్యం భయం పోతుంది. కానీ పొద్దున రద్దీలో తోపుడుబండితో రైలెక్కడం, లండన్ నర్సరీ ఫీజులు, ఇంట్లో ఉండే రోజుల్లో ఆ నర్సరీ పనికిరాకపోవడం అన్నీ చూసుకోవాలి.

రైలు వైపు నుంచి చూస్తే

ఇంతవరకు ప్రయాణికురాలి వైపు నుంచి చెప్పాను. రైలు వైపు వాదన కూడా బలమైనదే.

రైల్వే ఖర్చులో పెద్ద భాగం రద్దీ వేళ కోసం పెట్టేది. పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు నిండే బోగీలు, సిబ్బంది, ప్లాట్‌ఫాంల పొడవు అన్నీ ఆ నాలుగు గంటల కోసమే. సోమవారం ఎనిమిదింటి రైల్లో కూర్చున్న పార్ట్‌టైమ్ ఉద్యోగి ఆ రోజు వాడుకునే సీటు, పూర్తికాలం ఉద్యోగి సీటు ఒకటే. మరి ఎక్కువ కొన్నవాళ్లకు తగ్గించి ఇవ్వడం ఏ వ్యాపారంలోనైనా ఉన్నదే కదా అన్నది మొదటి వాదన. ఏడాది టికెట్ కొన్నవాడు డబ్బంతా ముందే ఇస్తున్నాడు, జబ్బు చేసినా సెలవు పెట్టినా నష్టం తనే భరిస్తున్నాడు. ఆ భరోసాకు ప్రతిఫలమే తగ్గింపు అన్నది రెండోది. మూడోది, ఇప్పటికే రైల్వేకు పన్నుల సొమ్ము పెద్ద ఎత్తున వెళుతోంది. ఎప్పుడూ రైలెక్కని వాళ్ల డబ్బు కూడా అందులో ఉంది.

దీనికి ప్రయాణికుల వైపు నుంచి వచ్చే జవాబు ఏమిటంటే, బ్రిటన్‌లో పార్ట్‌టైమ్ ఉద్యోగుల్లో మూడింట రెండు వంతుల కన్నా ఎక్కువమంది ఆడవాళ్లు. ధర కట్టే పద్ధతి పైకి అందరికీ ఒకటే అయినా, దాని బరువు పడేది ఎక్కువగా ఒకవైపే. ఉద్యోగం ఇచ్చేవాళ్ల విషయంలో 2000లో వచ్చిన నిబంధనలు ఈ మాటను ఒప్పుకున్నాయి. సరైన కారణం లేకుండా పార్ట్‌టైమ్ వాళ్లను తక్కువగా చూడకూడదు, జీతమూ సెలవులూ పని దామాషాలో ఇవ్వాలి అని అవి చెబుతాయి. రైల్వే ఆమెకు ఉద్యోగం ఇచ్చే సంస్థ కాదు కాబట్టి దానికి వర్తించవు. పైగా ఇంటి నుంచి రోజూ వెళ్లే ఆఫీసుకు అయ్యే ప్రయాణ ఖర్చు మీద బ్రిటన్‌లో పన్ను మినహాయింపు కూడా లేదు.

నాకైతే రద్దీ వేళ సీటుకు ఎక్కువ ధర కట్టమనడం సబబుగానే తోస్తుంది. కాని ఆ ఎక్కువ ధర ఆ సీటులో కూర్చున్న అందరికీ ఒకటే కావాలి కదా. ఐదు రోజులు రద్దీని పెంచేవాడికి తక్కువ, రెండు రోజులే పెంచే ఆమెకు ఎక్కువ అన్నది రద్దీ వాదనతోనే పొసగదు.

వేరే చోట్ల ఎలా కొలుస్తున్నారు

స్కాట్లండ్ రద్దీ వేళ ధరనే తీసేసింది. 2023 అక్టోబరులో ప్రయోగంగా మొదలుపెట్టి, 2024 సెప్టెంబరులో ఆపేసింది. లాభం ఎక్కువగా అప్పటికే రైల్లో తిరుగుతున్న వాళ్లకు, మధ్యస్థ, ఎగువ ఆదాయాల వాళ్లకు అందిందని అప్పుడు ప్రభుత్వం చెప్పింది. తర్వాత మనసు మార్చుకుని 2025 సెప్టెంబరు 1 నుంచి శాశ్వతంగా తీసేసింది. ఇప్పుడు గ్లాస్గోకో ఎడిన్‌బరోకో స్కాట్‌రైల్‌లో పొద్దున ఎనిమిదికి వెళ్లే తల్లికీ, పదికి వెళ్లేవాళ్లకీ ధర ఒకటే. పైన చెప్పిన గంట తేడా సమస్య అక్కడ లేదు.

లండన్ లోపల కార్డు తాకించి వెళ్లే పద్ధతిలో రోజుకో పరిమితి, సోమవారం నుంచి ఆదివారం దాకా వారానికో పరిమితి ఉంటాయి. ముందుగా ఏదీ కొననక్కర్లేదు, కాబట్టి మురిగిపోయేదీ లేదు. అయితే వారం పరిమితి ఉపయోగపడేది వారంలో చాలా రోజులు తిరిగేవాళ్లకే. రెండు రోజులు వెళ్లే మనిషి ఆ పరిమితిని చేరదు.

మన దగ్గరి పద్ధతి చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. భారతీయ రైల్వేలో నెల సీజన్ టికెట్‌ను సుమారు 15 ఒకవైపు ప్రయాణాల ధరకు ఇస్తారు. 2014 జూన్‌లో దాన్ని 30 ప్రయాణాల లెక్కకు మార్చబోయి, నిరసన రావడంతో వెనక్కి తగ్గారు. 15 ఒకవైపు ప్రయాణాలంటే ఏడున్నర రోజులు. వారానికి రెండు రోజులు లింగంపల్లి నుంచి ఎంఎంటీఎస్‌లో వెళ్లే మనిషికి కూడా నెల పాస్ డబ్బు దాదాపు తిరిగొచ్చేస్తుంది. మన ఉదాహరణ ఊళ్లో నెల టికెట్ 384, రోజు టికెట్ 26. అది తిరిగి రావాలంటే నెలకు 15 రోజులు వెళ్లాలి. భారత్‌లో సీజన్ టికెట్‌కు పెద్ద సబ్సిడీ ఉంది, రెండు దేశాల ఖర్చులకూ పోలిక లేదు. అయినా పాస్‌ను ఎన్ని రోజులకు గిట్టుబాటయ్యేలా కొలవాలన్నది ఎవరో తీసుకునే నిర్ణయమని ఈ రెండు లెక్కలూ పక్కపక్కన పెడితే తెలుస్తుంది.

ఒక ఇంటి ఏడాది లెక్క

ఇప్పుడు మొదట్లో చెప్పిన ఇంటికి వద్దాం. గంటకు 18 పౌండ్ల జీతం, రోజుకు ఏడున్నర గంటలు, వారానికి రెండు రోజులు. ఏడాదికి 14,040. ఆదాయపు పన్ను, నేషనల్ ఇన్సూరెన్స్ కలిపి సుమారు 412 పోతే చేతికి 13,628. రైలుకు ఫ్లెక్సీ మీద 2,208.

నర్సరీ రోజుకు 75 పౌండ్లు, ఏడాదికి 51 వారాలు అనుకుందాం, మొత్తం 7,650. ఇక్కడ వీసా లెక్కలోకి వస్తుంది. 2025 సెప్టెంబరు నుంచి ఇంగ్లండ్‌లో తొమ్మిది నెలలు నిండిన పిల్లలకు, తల్లిదండ్రులు ఉద్యోగాల్లో ఉండి ఆదాయ నిబంధనలకు సరిపోతే, బడి నడిచే 38 వారాల పాటు వారానికి 30 గంటల నర్సరీ ఖర్చు ప్రభుత్వం భరిస్తుంది. కానీ తల్లిదండ్రులిద్దరి వీసాల మీదా ప్రభుత్వ సాయం లేదన్న షరతు ఉంటే ఇది రాదు. స్కిల్డ్ వర్కర్ వీసా మీద వచ్చిన మన కుటుంబాల్లో చాలావాటి పరిస్థితి ఇదే. ఇద్దరిలో ఒక్కరికి శాశ్వత నివాసమో పౌరసత్వమో ఉంటే చాలు, తలుపు తెరుచుకుంటుంది.

సాయం లేని ఇంట్లో ఏడాది చివర ఆమెకు మిగిలేది 3,770 పౌండ్లు. వెళ్లిన రోజుకు 41 పౌండ్లు, పనిచేసిన గంటకు ఐదున్నర. పూర్తికాలం ఉద్యోగి కట్టే రోజు ధరే ఆమెకూ ఉంటే మిగిలే 608 పౌండ్లు ఆమె జీతంలో నాలుగు శాతమే. కానీ చేతిలో మిగిలేదానిలో అది 16 శాతం.

సాయం వచ్చే ఇంట్లో 38 వారాల గంటలను ఏడాది మొత్తానికి పరిస్తే వారానికి సుమారు 22 గంటలు. రెండు పది గంటల రోజులకు అది సరిపోతుంది. తిండికీ డైపర్లకూ నర్సరీ విడిగా తీసుకునేది తప్ప ఫీజు దాదాపు పోతుంది. ఆ ఇంట్లో మిగిలేది 11,000 దాటుతుంది. అక్కడ ఆమె ఉద్యోగానికి వెళ్లడానికి పెట్టే ఖర్చుల్లో అన్నిటికన్నా పెద్దది రైలు టికెట్టే.